పాత బండి పిచ్చి పుట్టిన కథ

తాతల నాటి పందిరిమంచాన్నో, అమ్మమ్మ కాసులపేరునో, తాళపత్రాల కట్టనో దాచుకునేవాళ్లను చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. యంత్రం సంగతి అలా కాదు. అది పనిచేసినన్నాళ్లే దానికి మర్యాద. ఆగిపోయిన ఇంజను, తుప్పుపట్టిన మోటారు, గాలి పోయిన చక్రాల మీద కూలబడ్డ కారు పాతసామాన్ల కొట్టుకే పోతాయి, కిలోకింత అని. మరి ఎనభై, తొంభై ఏళ్ల కిందటి కారును ఆఖరి మర దాకా విప్పి, తుప్పు గీకి, దొరకని భాగాన్ని చేత్తో చేయించుకుని, మళ్లీ రోడ్డెక్కించే మనుషులు ఎక్కడి నుంచి ఊడిపడ్డారు? ఈ పనిలో వచ్చే లాభం తక్కువ. పోయే డబ్బు, నిద్ర, ఇంట్లో శాంతి ఎక్కువ. అయినా దేశదేశాల్లో వాళ్లకు సంఘాలున్నాయి, సంతలున్నాయి, చివరికి మన దేశంలో చట్టంలో కూడా చోటు దొరికింది. ఈ పిచ్చికి ఒక పుట్టుక ఉంది. అది నవ్వులాటగా మొదలైంది.

ఇంగ్లండులో పంతొమ్మిదో శతాబ్దం చివరి దాకా గుర్రం లేకుండా నడిచే బండిని చట్టం అనుమానంగానే చూసింది. 1865 నాటి చట్టం ప్రకారం అలాంటి బండికి ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. బయటి దారుల్లో గంటకు 4 మైళ్లు, ఊళ్లో 2 మైళ్లు దాటకూడదు. జెండా షరతు 1878లో సడలింది గానీ, ముందు నడిచే మనిషి మాత్రం ఇంకో పద్దెనిమిదేళ్లు నడుస్తూనే ఉన్నాడు. 1896 నవంబరు 14న కొత్త చట్టం అమల్లోకి వచ్చి వేగాన్ని 14 మైళ్ల దాకా వదిలింది. ఆ రోజే లండన్ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న బ్రైటన్‌కు, యాభై మైళ్ల పైచిలుకు దూరం, మోటారు బండ్ల ఊరేగింపు తీశారు. పొద్దున్నే ఫలహారాల దగ్గర విన్‌చెల్సీ ప్రభువు ఒక ఎర్రజెండాను అందరి ముందూ చించేశాడు. వానలో, బురదలో ముప్ఫైకి పైగా బండ్లు బయల్దేరాయి. చాలావాటికి దారిలోనే ఆయువు తీరింది. ఒక బ్యాటరీ బండిని రైల్లో తెచ్చి, ఊరి చివర బురద పూసి, నడిచొచ్చినట్టు లోపలికి తోలారని ఒక పుకారు కూడా మిగిలింది. నిజమో కాదో గానీ, మోటారు చరిత్రలో మోసం కూడా మొదటిరోజే పుట్టిందన్నమాట.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్లలో కారు మారిన వేగం గుండెలు అదిరేది. చేత్తో హ్యాండిల్ తిప్పి లేపే అవసరాన్ని 1912లో కాడిలాక్ కంపెనీ విద్యుత్తుతో తప్పించింది. ఫోర్డ్ 1908లో మొదలుపెట్టిన 'మోడల్ టి' కోటిన్నర బండ్లు దాటి 1927లో ఆగిపోయింది. నిన్నటి బండి ఇవాళ వింతగా, రేపు తుక్కుగా మారిపోయే కాలం అది. సరిగ్గా ఆ 1927లోనే లండన్‌లో 'డైలీ స్కెచ్' అనే పత్రికకు ఒక చమత్కారం తోచింది. ముప్ఫై ఏళ్ల కిందటి ఆ బ్రైటన్ ప్రయాణాన్ని ఆనాటి బండ్లతోనే మళ్లీ చేయిస్తే? జనం దీనికి ముసలి డొక్కుల పందెం అని పేరు పెట్టారు. చూసేవాళ్లు వచ్చింది నవ్వుకోవడానికే.

డొక్కులు బయల్దేరాలంటే ముందు ఎవరో వాటిని లేపాలి కదా. చిక్కు అక్కడ వచ్చింది. 1896 ప్రాంతపు కొన్ని ఇంజన్లలో స్పార్క్ ప్లగ్గు ఉండదు. చిన్న ప్లాటినం గొట్టాన్ని బయటి నుంచి దీపంతో ఎర్రగా కాల్చి ఉంచితే, ఆ వేడికి సిలిండరులోని పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. గాలి గట్టిగా వీస్తే దీపం కొండెక్కుతుంది, ఇంజను ఆగుతుంది. కొన్ని బండ్లకు స్టీరింగ్ చక్రం ఉండదు, పడవ చుక్కానిలా ఒక కర్ర ఉంటుంది. గేర్లు మార్చే కడ్డీ ఒక బండికి ఉన్నచోట ఇంకో బండికి ఉండదు. ఇవన్నీ తెలిసిన డ్రైవర్లు ముసలివాళ్లయిపోయారు, కొందరు పోయారు కూడా. కాగితాల మీద రాసినది తక్కువ. యంత్రం పాతబడేలోపే దాన్ని నడిపే విద్య చచ్చిపోతుందని లోకానికి మొదటిసారి తెలిసింది ఆ నవ్వులాటలోనే. డొక్కుల్లో కొన్ని నిజంగానే బ్రైటన్ చేరేసరికి, నవ్వుతున్నవాళ్లలో కొందరి నవ్వు మధ్యలో ఆగింది.

ఏటేటా ఆ ప్రయాణం సాగింది. 1930లో ప్రయాణం ముగిశాక బ్రైటన్‌లోని ఓల్డ్ షిప్ హోటల్లో కూర్చున్న కొద్దిమంది మిత్రులు ఒక సంఘం పెట్టాలనుకున్నారు. వాళ్లలో ఒకడు సామీ డేవిస్. అతను ఊరికే ఉబుసుపోక వచ్చినవాడు కాదు. 1927లో లె మాన్స్ ఇరవై నాలుగు గంటల పందెంలో, రాత్రివేళ ఒక మూలమలుపు దగ్గర కార్లు ఒకదానిలో ఒకటి గుద్దుకుంటే, వంగిపోయిన బెంట్లీనే అలాగే నడిపి, సహచరుడు బెంజఫీల్డ్‌తో కలిసి గెలిచినవాడు. కొత్త కార్ల వేగం రుచి తెలిసిన మనిషి పాత కార్ల సంఘానికి పునాది వేయడం నాకు చాలా నచ్చే సంగతి. అలా పుట్టింది గ్రేట్ బ్రిటన్ వెటరన్ కార్ క్లబ్.

సంఘం పుట్టగానే ఎదురైన సమస్య డబ్బు కాదు, వయసు. ఈ బండి 1899ది అని యజమాని అంటాడు, దాన్ని అమ్మినవాడు అలా చెప్పాడు కాబట్టి. బండికేమో జనన ధ్రువపత్రం ఉండదు. దశాబ్దాలుగా ఎవరెవరో ముక్కలు మార్చారు, చక్రాలు మార్చారు. అప్పుడు సంఘంలోని కొందరు దొంగల్ని పట్టే పోలీసుల ఓపికతో కూర్చున్నారు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, కంపెనీల పాత ధరల జాబితాలు, ఆనాటి పత్రికల్లో బొమ్మలు ముందు పెట్టుకుని, గొట్టం వేడితో మండే ఇంజనా, విద్యుత్తు నిప్పురవ్వదా, స్ప్రింగు ఏ ఆకారంలో ఉంది, రేడియేటరు గొట్టాలు ఎలా వంచారు అని ఒక్కొక్కటీ తరచి చూసి, ఇది ఫలానా సంవత్సరపు బండి అని తేల్చి పత్రం ఇవ్వడం మొదలుపెట్టారు. కొందరి 1899 బండ్లు 1906కి జారిపోయి మనసులు విరిగాయి. కానీ తుక్కు ఒక చరిత్రగా మారిన మలుపు ఇదే. ఇప్పటికీ బ్రైటన్ ప్రయాణానికి 1905 జనవరి 1కి ముందు తయారైన బండ్లనే రానిస్తారు.

వెటరన్ క్లబ్ వాళ్లలో కలిగినవాళ్లు ఎక్కువ. జేబులు ఖాళీగా ఉన్న కుర్రాళ్లు 1934లో ఇంకోటి పెట్టుకున్నారు, వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్. వాళ్ల కోపం వేరు. 1930 తర్వాత వస్తున్న కార్లు చౌకబారుగా, డబ్బాల్లా ఉన్నాయనీ, అంతకుముందు దశాబ్దంలో చేతిపనితో తయారైన కార్లే కార్లనీ వాళ్ల నమ్మకం. కొత్తవి కొనే స్తోమత లేకపోవడం ఆ నమ్మకానికి కొంత బలం ఇచ్చిందని నా అనుమానం. కనీసం ఐదేళ్లు నిండిన బండి అయితేనే సభ్యత్వం అని మొదట్లో రాసుకున్నారు. తర్వాత ఆ గీతను 1930 చివర దగ్గర గీసి వదిలేశారు. ఇవాళ ప్రపంచమంతా 'వింటేజ్' అనగానే 1919 నుంచి 1930 దాకా అని లెక్క చెప్పడానికి మూలం డబ్బు లేని ఆ కుర్రాళ్ల గీతే.

ఆ గుంపులో టామ్ రోల్ట్ అనే ఇంజనీరు ఉండేవాడు. హ్యాంప్‌షైర్‌లో హార్ట్‌లీ వింట్నీ దగ్గర ఫీనిక్స్ గ్రీన్ గ్యారేజ్ అని ఒక షెడ్డు నడిపేవాడు. అతని సొంత బండి 1924 నాటి ఆల్విస్. ఆ గ్యారేజీ వింటేజ్ క్లబ్ కుర్రాళ్లకు అడ్డా అయిపోయింది. ఒకడి దగ్గర గేర్‌బాక్స్ ఉంటే ఇంకొకడి దగ్గర వెనక ఇరుసు ఉండేది. ఒకడికి మాగ్నెటో చుట్టడం వస్తే ఇంకొకడికి తోలు సీటు కుట్టడం వచ్చు. ఎవడికీ పూర్తి కారు చేయడం రాదు, అందరూ కలిస్తే వస్తుంది. రెండో ప్రపంచయుద్ధం వచ్చి పాత ఇనుము కోసం ప్రభుత్వాలు జల్లెడ పట్టినప్పుడు ఎన్నో కార్లు కొలిమి పాలయ్యాయి. ఇలాంటి గుంపుల కళ్లు పడినవి కొన్ని గడ్డివాముల వెనకా కొట్టాల్లోనూ దాక్కుని బతికాయి.

రోల్ట్ కథ కార్లతో ఆగలేదు. ఇక్కడ నేను మా ఊరు పాతపట్నంవైపు తిరగాలి, ఎందుకంటే ఆ మలుపు ఆ ఊరి మనిషికే బాగా తగులుతుంది. వేల్స్‌లో టాలిలిన్ అని ఒక చిన్న రైలు మార్గం ఉంది, పట్టాల మధ్య దూరం రెండడుగుల మూడంగుళాలు, పొడవు ఏడు మైళ్లు. 1950 జూలైలో దాని యజమాని చనిపోయాడు. ఇక మూతే అనుకున్నారు. అక్టోబరులో బర్మింగ్‌హామ్‌లో ఒక హోటల్లో రోల్ట్ సభ పెట్టి, పాత కారును సంఘంగా కలిసి బతికించుకున్నవాళ్లం రైలును మాత్రం ఎందుకు బతికించుకోలేం అన్న ఆలోచన ముందుకు తెచ్చాడు. అప్పటికి సరిగ్గా నడిచే ఇంజను ఒక్కటే, పేరు డాల్‌గాక్. పట్టాలు గడ్డిలో మునిగిపోయి ఉన్నాయి. 1951 మే 14న జీతం తీసుకోని మనుషులు ఆ రైలు నడిపారు. ప్రపంచంలో ఔత్సాహికులు చేతుల్లోకి తీసుకుని నడిపిన మొదటి రైలు అదే. ఇప్పటికీ నడుస్తోంది.

మా రైలు దానికన్నా వెడల్పు, రెండున్నర అడుగులు. పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతి తన రాజధానిని నౌపడ దగ్గర మద్రాసు–కలకత్తా లైనుకు కలపాలని పట్టుబట్టి, ఏడు లక్షల రూపాయలు పెట్టి వేయించాడు. 1900 ఏప్రిల్ 1న టెక్కలి, పాతపట్నం మీదుగా బండి నడిచింది. మొదటి పదేళ్లూ నష్టమే, తర్వాత లాభాల్లో పడింది. 1931 నాటికి గుణుపురం దాకా సాగింది. మహేంద్రతనయ నది దాటి పర్లాకిమిడి వెళ్లే ఆ బుల్లి రైలు ఎక్కి నీలమణి దుర్గమ్మ దర్శనానికి వచ్చినవాళ్లు ఇప్పటికీ మా ఊళ్లో ఉన్నారు. 2004లో దాన్ని ఆపి, పట్టాలు పీకి, బ్రాడ్‌గేజి వేశారు. 2010, 2011 సంవత్సరాల్లో పెద్ద రైళ్లు వచ్చాయి. దీన్ని నేను తప్పుపట్టను. విశాఖకు ఆసుపత్రి పనిమీద పోయేవాడికి పెద్ద రైలు కావాలి, బొమ్మలాంటి బండి కాదు. కానీ ఆ ఏళ్లలో ఒక రోల్ట్ ఉండి ఉంటే, కనీసం టెక్కలి దగ్గరో మా దగ్గరో నాలుగు మైళ్ల పట్టా మిగుల్చుకుని ఉండేవాళ్లం. పర్లాకిమిడి ఆవిరి ఇంజన్లు కొన్ని ప్రదర్శనకు నిలబడ్డాయి. నిలబడటం, నడవడం ఒకటి కాదు.

కార్ల దగ్గరికి వస్తే, 1950ల తొలి సంవత్సరాల్లో ఈ పిచ్చి గ్యారేజీల నుంచి జనంలోకి పాకింది. 1952లో మాంటగూ ప్రభువు తన తండ్రి జ్ఞాపకంగా బ్యూలీలోని ఇంటి హాల్లో ఐదు పాత కార్లు పెట్టి తలుపులు తెరిచాడు. అదే పెరిగి పెద్ద మ్యూజియం అయింది. మరుసటి ఏడు 'జెనెవీవ్' అనే సినిమా వచ్చింది, బ్రైటన్ ప్రయాణం మీదే. అందులో కథానాయిక ఒక 1904 డరాక్ కారనే చెప్పాలి. దాని అసలు కథ సినిమా కన్నా బాగుంటుంది. యుద్ధం ముగిసిన రోజుల్లో లండన్ తూర్పు పేటల్లో పాత బండ్ల శిథిలాల మధ్య దొరికిన రెండు అసంపూర్ణ డరాక్‌ల ముక్కలు కలిపి చేసిన బండి అది. తెర మీద దాన్ని అంత ధీమాగా తోలిన నటుడు జాన్ గ్రెగ్‌సన్‌కు అప్పటికి కారు నడపడం రాదు, షూటింగులోనే నేర్చుకున్నాడు. ఆ సినిమా చూసినవాళ్లు ఇంటికెళ్లి తమ కొట్టాల్లో వెతికారు. అమెరికాలో 1955లో హెర్షీ పట్నంలో, ఇంగ్లండులో 1967లో బ్యూలీలో పాత విడిభాగాల సంతలు మొదలయ్యాయి. ఏళ్ల తరబడి వెతుకుతున్న ఒక్క కార్బ్యురేటర్ మూత కోసం సముద్రాలు దాటి వచ్చేవాళ్లు తయారయ్యారు.

అయితే ఈ ఆటలో మనిషి ఎంతదూరం పోగలడో చూపించినవాడు ఓవెన్ విన్ ఓవెన్. వేల్స్‌లో బాంగర్ సాంకేతిక కళాశాలలో పాఠాలు చెప్పే మేష్టారు. అతను తవ్వి తీసింది ఒక సమాధిని.

1920ల్లో భూమి మీద అత్యంత వేగం ఎవరిదన్న పోటీ నడుస్తోంది. లేలాండ్ కంపెనీలో ప్రధాన ఇంజనీరుగా చేసి బయటికొచ్చిన పారీ థామస్, పందెంలో చనిపోయిన ఒక కౌంట్ గారి భారీ కారును 125 పౌండ్లకు కొన్నాడు. దానికి విమానానికి చేసిన 27 లీటర్ల లిబర్టీ ఇంజను, వెనక చక్రాలకు సైకిల్‌కు ఉన్నట్టు గొలుసులు. మార్చి కట్టి 'బాబ్స్' అని పేరు పెట్టాడు. 1926 ఏప్రిల్లో వేల్స్‌లోని పెండైన్ ఇసుకతీరం మీద గంటకు 171 మైళ్లు, అంటే 275 కిలోమీటర్లు తోలి రికార్డు పట్టాడు. మరుసటి ఫిబ్రవరిలో మాల్కమ్ క్యాంప్‌బెల్ అదే తీరం మీద దాదాపు 175 మైళ్లతో దాన్ని లాక్కున్నాడు. తిరిగి తెచ్చుకోవడానికి థామస్ 1927 మార్చి 3న జ్వరపు ఒంటితో వచ్చాడు. కారు పల్టీ కొట్టింది, మనిషి అక్కడికక్కడే పోయాడు. మిత్రులు ఆ కారును ఇంటికి తీసుకుపోలేదు. సీట్లు చీల్చి, గడియారాలు పగలగొట్టి, అక్కడే ఇసుక దిబ్బల్లో గుంత తీసి పాతిపెట్టారు. థామస్ సమాధి సర్రేలో, కారుది పెండైన్‌లో.

నలభై రెండేళ్లు అది ఇసుక కిందే ఉంది. పైన సైన్యం తుపాకీ సాధనలు చేసే చోటైపోయింది. ఓవెన్‌కు దాన్ని పైకి తీయాలన్న తపన పట్టింది. మొదటి అడ్డు, గుంత ఎక్కడో ఎవరికీ సరిగా తెలియదు. పాత ఫొటోలు, ముసలివాళ్ల జ్ఞాపకాలు కలిపి చోటు గుర్తించాడు. రెండో అడ్డు రక్షణ శాఖ అనుమతి. మూడోది అసలైనది: వీరుడి కారును పాతిపెట్టారంటే అది ఆలయంతో సమానం, దాన్ని కదపడమేమిటని అభ్యంతరాలు లేచాయి. థామస్ బంధువుల సమ్మతి వెతికి తెచ్చుకున్నాక 1969లో పార పడింది. పైకి వచ్చిన దాన్ని చూస్తే ఎవరైనా పూడ్చేయమనేవారు. ఉప్పునీరు రేకులను తినేసింది, అల్యూమినియం చాలాచోట్ల పొడిపొడి అయింది. లోపల మాత్రం ఉక్కు భాగాలు ఆశ్చర్యంగా నిలిచాయి. ఓవెన్ వాటిని ఇంటికి మోసుకుపోయి, విడిభాగాలు అడిగి, అరువు తెచ్చి, చేసి, ఏళ్లకేళ్లు కూర్చున్నాడు. చివరికి బాబ్స్ గర్జించింది.

ఆ తవ్వకం ఒక లోకనమ్మకాన్ని కూడా కదిలించింది. గొలుసు తెగి ఎగిరి థామస్‌ను కొట్టిందని నలభై ఏళ్లుగా అందరూ చెప్పుకున్నారు. దాని భయంతోనే గొలుసు బండ్ల కాలం చెల్లిందని కూడా అన్నారు. ముక్కలను దగ్గర పెట్టుకుని చూసిన ఓవెన్‌కు, ముందు విరిగింది వెనక చక్రమేనని అనిపించింది. విప్పి చూసేదాకా ఏ యంత్రమూ తన కథ చెప్పదు. పాత కార్లవాళ్లను చూసి 'పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి' అనేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చెబితే చాలునని నేననుకుంటాను.

మన దేశానికి ఈ గాలి 1964లో వచ్చింది. ఆ ఏడు ఢిల్లీలో 'ద స్టేట్స్‌మన్' పత్రిక పాత కార్ల ర్యాలీ మొదలుపెట్టింది. ఇక్కడా మొదలుపెట్టినది పత్రికే కావడం చిత్రం. కానీ మన బండ్ల కష్టాలు వేరు. ఇంగ్లండులో బండి పాతబడి మూలపడింది. మన దగ్గర యజమానే మూలపడ్డాడు. 1948లో మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు పోయాయి, 1971లో సంస్థానాధీశుల రాజభరణాలు పోయాయి. దివాణాల్లో మోటారు షెడ్లకు తాళాలు పడ్డాయి. విదేశీ వ్యాపారులు వచ్చి కారుచౌకగా ఎత్తుకుపోసాగారు. 1970ల మొదట్లో ప్రభుత్వం పాత కార్ల ఎగుమతిని నిషేధించకపోతే ఇవాళ ర్యాలీకి బండ్లే ఉండేవి కావు.

తాళం పడి బతికిన బండ్లలో మనవాళ్లు చూడగలిగినది హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ రోల్స్ రాయిస్. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దాని కోసం ఉత్తర్వు పంపి, బండి రాకముందే 1911 ఆగస్టులో కన్నుమూశాడు. 1912 నాటి ఆ సిల్వర్ ఘోస్ట్‌కు లండన్ బార్కర్ కంపెనీ బాడీ కట్టింది; వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని ఉత్సవాలకే బయటికి తీశాడట. జీవితం మొత్తంలో అది తిరిగింది 356 మైళ్లని చెబుతారు. తిరగని బండికి అరుగుదల ఉండదు నిజమే. కానీ నిలబడిపోయిన బండిలో రబ్బరు పెళుసెక్కుతుంది, పెట్రోలు జిగురై గొట్టాలు మూసుకుపోతుంది, రేకుల కింద బాడీకి ఆధారంగా ఉన్న చెక్కను పురుగు తొలుస్తుంది. పాత కార్లవాళ్లు ఆదివారం పొద్దున్నే ఏదో వంకన బండి తీసి తిప్పేది షోకు కోసమే కాదు.

నిజాం బండి అదృష్టజాతకం. మామూలు బ్యూక్‌లూ, షెవ్రొలేలూ, ఫోర్డ్‌లూ రోజూ నడిచి అన్నం పెట్టినవి. ఫోర్డ్, జనరల్ మోటార్స్ కంపెనీలు 1950ల మొదట్లో మన దేశంలో కార్లు బిగించడం మానేశాయి. దిగుమతుల మీద ఆంక్షలు బిగిశాయి. విడిభాగం కావాలంటే బ్రహ్మదేవుడు దిగిరావాలి. అప్పుడు మన మెకానిక్కులు చేసిన పని చూడాలి. పెట్రోలు ఇంజను అరిగితే డీజిల్ ఇంజను దించారు, గేర్‌బాక్స్ పోతే అంబాసిడర్‌ది కూర్చారు, కిటికీ అద్దానికి బస్సు అద్దం కోశారు. పుస్తకాల్లో ఎక్కడా లేని ఈ విద్య వల్లే ఆ బండ్లు తుక్కు కాకుండా నిలిచాయి.

పాత ఇంజను తిరిగి కట్టడంలో పెద్ద గండం బేరింగు. ఇప్పటి ఇంజనుకు కొట్టులో డబ్బా కొని పెట్టుకోవచ్చు. 1920ల ఇంజన్లలో అది ఆ ఇంజనులోనే పోతపోసిన మెత్తని తెల్లలోహం. అమెరికాలో ఐజక్ బాబిట్ 1839లో కనిపెట్టిన మిశ్రమం అది. ఎక్కువ పాలు తగరం, కొంచెం యాంటిమనీ, ఇంకొంచెం రాగి. అరిగిపోయిన దాన్ని కరిగించి తీసేయాలి. లోపల శుభ్రంగా కళాయి పూయాలి, వేడి తప్పకుండా చూసుకుని కొత్తది పోయాలి. చల్లగా పోస్తే అతుక్కోదు, మరీ కాగితే లోహం చెడుతుంది. తర్వాత లేత్ మీద కోసి, ఇరుసుకు నీలిరంగు పూసి తిప్పి, రంగు అంటిన మిట్టలను గీకి, మళ్లీ తిప్పి, మళ్లీ గీకి సమం చేయాలి. ఓపిక లేనివాడి ఇంజను నాలుగు మైళ్లకే టకటకమని కొట్టుకుంటుంది.

దీని గురించి తెలుసుకున్నప్పుడు నాకు గుర్తొచ్చింది మాకు దగ్గర్లోనే సారవకోట మండలంలో ఉన్న బుడితి. భౌగోళిక గుర్తింపు పొందిన కంచు, ఇత్తడి పని అక్కడిది. కంచంటే ఎక్కువ రాగిలో కొంత తగరం. బేరింగు లోహం అందుకు తలకిందులు. వేడిని రంగు చూసి పోల్చుకునే చూపు రెండింటికీ ఒకటే. ఇత్తడి దీపపు గిన్నె, రేడియేటరు మూత, హారన్ బాకా లాంటివి విదేశాల నుంచి తెప్పించుకునే మన పాత కార్ల యజమానులు ఒకసారి ఇటు తిరిగి చూస్తే బాగుండును. ఇది నా ఊరి పక్షపాతమే, ఒప్పుకుంటాను.

పాత బండ్లను ఎంతవరకు బాగుచేయాలన్న తగవు ఈ మధ్య ముదిరింది. 1966లో పుట్టిన అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య 2012లో ట్యూరిన్ పత్రం అని ఒకటి ఆమోదించింది. కొత్తదానిలా మెరిపించడం కన్నా ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటం మేలని దాని సారం. 2009లో ఇటలీ సరిహద్దు సరస్సు అడుగు నుంచి తీసిన 1925 బుగాటీని, రెండున్నర లక్షల యూరోల పైన పెట్టి కొన్న అమెరికా పెద్దమనిషి, ఒక్క తుప్పు రేకు కూడా తాకకుండా అలాగే ప్రదర్శనకు పెట్టాడు. ఓవెన్ గారైతే వారంలో దాన్ని విప్పేసి ఉండేవాడు. నా ఓటు ఓవెన్‌కే.

మన ప్రభుత్వం 2021 జూలైలో నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని ద్విచక్ర, నాలుగు చక్రాల బండ్లు వింటేజ్ వాహనాలు. నంబరు పలకలో రాష్ట్రపు అక్షరాల తర్వాత 'విఎ' అని ఉంటుంది. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత 5,000తో పొడిగించుకోవచ్చు. ప్రదర్శనకు, పరిశోధనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప రోజువారీగా తిప్పకూడదు. ఇంతవరకు బాగానే ఉంది. ఇంకో షరతుంది: బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు.

డీజిల్ ఇంజనుతో అరవై ఏళ్లు బతికిన మన బ్యూక్ ఈ షరతు దగ్గర బోల్తా పడుతుంది. దాన్ని కాపాడిన మార్పే ఇప్పుడు దాని నేరం. అందుకే పాత బండ్ల యజమానులు అసలు ఇంజనుకు జోడు కోసం గాలిస్తారు. అది దొరికి, డీజిల్‌ది దించిన రోజున దాన్ని తూకానికి వేయకండి. బల్ల కింద నూనె రాసి, గోనె కప్పి, ఎవరు ఏ ఏడు ఎందుకు బిగించారో ఒక చీటీ రాసి కట్టి పెట్టండి. రేపు ఈ బండి వయసు, బతుకు తేల్చడానికి కూర్చునేవాళ్లకు ఆ చీటీయే కావలసి వస్తుంది.